అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారు: ఇన్సూరెన్స్ ఇండియాలో కొనాలా, ఇక్కడ కొనాలా?

సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి ఉగాది దాకా, ఈ ఊళ్లో కలిసిన తెలుగువాళ్లలో ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. అమ్మానాన్నలకు వీసా వచ్చింది, మే నెలకు టికెట్లు తీసేశారు, పిల్లలకు సెలవులు ఇవ్వగానే అందరూ కలిసి నయాగరాకో యెల్లోస్టోన్‌కో వెళ్లాలని అనుకున్నారు, ఇక తేలవలసింది ఇన్సూరెన్స్ ఒక్కటే. అసలు తీసుకోవాలా? తీసుకుంటే విమానం ఎక్కేముందు ఇండియాలో కొనాలా, ఇక్కడి కంపెనీది కొనాలా? ఇక్కడిదైతే తక్కువ ధరకు వచ్చే ఫిక్స్‌డ్ ప్లాన్ చాలా, అసలు బిల్లును బట్టి గరిష్ఠ మొత్తం దాకా ఇచ్చే కాంప్రహెన్సివ్ ప్లానే కావాలా? నేను ఏజెంటును కాను. 2019లో మా అత్తయ్యగారు వచ్చినప్పుడు ఒక రకం పాలసీ కొని ఇబ్బంది పడ్డాను. నిరుడు మా అమ్మానాన్నలు వచ్చేముందు మూడు వారాల పాటు పాలసీ పత్రాలు ముందు వేసుకుని చదివి, మరొక రకం కొన్నాను. చెప్పేదంతా ఆ రెండు అనుభవాల నుంచే.

కొనకపోతే చట్టం ఏమీ అనదు. యూరప్ వెళ్లడానికి షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి గానీ, అమెరికా బి-2 విజిటర్ వీసాకు అలాంటి షరతు ఏదీ లేదు. పైగా, 1986లో వచ్చిన ఎమ్టాలా అనే చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి దగ్గర డబ్బుందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఆసుపత్రి పరీక్షించి, పరిస్థితిని నిలకడకు తేవాలి కాబట్టి భయపడనక్కర్లేదని కొందరు ధైర్యం చెబుతారు. చట్టం సంగతి నిజమే. అయితే అది వైద్యం నిరాకరించకుండా కాపాడుతుంది గానీ, ఆ తర్వాత ఇంటికి వచ్చే బిల్లు నుంచి కాపాడదు. ప్రాణాపాయం తప్పిన తర్వాత జరగవలసిన చికిత్సకు అది వర్తించదు. బిల్లింగ్ విభాగంతో మాట్లాడి తగ్గించుకున్నవాళ్లు, లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఇచ్చే ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకుని బయటపడినవాళ్లు నాకు తెలుసు. అదంతా ఎదుటివారి దయ మీద ఆధారపడిన వ్యవహారం, నెలల తరబడి సాగుతుంది. గుండెకు స్టెంట్ వేసి మూడు రోజులు ఉంచుకుంటే పదుల వేల డాలర్ల బిల్లు వచ్చే దేశంలో, అరవై అయిదేళ్ల తల్లిదండ్రులను ఆరు నెలల పాటు ఏ పాలసీ లేకుండా ఉంచడానికి నా మనసు ఒప్పుకోదు.

ఇండియాలో కొనే ట్రావెల్ పాలసీని తీసిపారేయవలసిన పని లేదు. ప్రీమియం రూపాయల్లో కట్టవచ్చు, ధర తక్కువ. బ్యాగు రాకపోయినా, పాస్‌పోర్టు పోయినా, దోహాలోనో దుబాయ్‌లోనో కనెక్షన్ విమానం తప్పిపోయినా ఎంతో కొంత చేతికి వస్తుంది. పేచీ వస్తే పాలసీదారుల ఫిర్యాదులు విని పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ హైదరాబాదు కార్యాలయానికి ఆంధ్ర వాళ్లయినా తెలంగాణ వాళ్లయినా ఫీజు కట్టకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు, ఇది చిన్న విషయం కాదు. పది రోజులు సింగపూర్, మలేషియా తిరిగి వచ్చే కుటుంబానికి నేనూ అదే చెబుతాను. చిక్కల్లా పెద్దవాళ్లు అమెరికా వచ్చినప్పుడే. అరవై దాటినవారికి చాలా పాలసీలలో లోపలి పరిమితులు ఉంటాయి: గది అద్దెకు రోజుకు ఇంత, ఐసీయూకు ఇంత, సర్జన్‌కు ఇంత అని. పై పేజీలో లక్ష డాలర్లు అని ఉన్నా, ఇక్కడి ఆసుపత్రి ధరల ముందు ఆ లోపలి అంకెలు ఏ మూలకూ చాలవు. ఇక్కడి రిసెప్షన్‌లో ఆ కార్డు చూపిస్తే గుర్తుపట్టేవారు అరుదు; ముందు మనం కట్టి, తర్వాత కాగితాలు పంపి తెచ్చుకోవలసి వచ్చే సందర్భాలే ఎక్కువ. అదీ ఇండియాలో ఉండగానే కొనాలి, ఇక్కడికి వచ్చి దిగాక కొందామంటే కుదరదు.

మా అత్తయ్యగారికి నేను కొన్నది ఇక్కడి ఫిక్స్‌డ్ ప్లాన్. ఇందులో ఒక్కొక్క సేవకు ఇంత అని ముందే రాసిన పట్టిక ఉంటుంది, అసలు బిల్లు ఎంతైనా కంపెనీ ఆ పట్టికలో ఉన్నంతే ఇస్తుంది. ఒక ఆదివారం సాయంత్రం ఆవిడ దీపం పెట్టి లేవబోతూ తూలి, గోడ పట్టుకుని నిలబడిపోయారు. "ఏం లేదమ్మా, ఇవాళ అన్నం ఆలస్యమైంది, అంతే" అన్నారు గానీ, ఆ మాట కొంచెం ముద్దగా రావడంతో భయపడి ఎమర్జెన్సీకి తీసుకువెళ్లాం. సీటీ స్కాన్ తీశారు, రక్త పరీక్షలు చేశారు, ఐదు గంటలు పడుకోబెట్టి, పక్షవాతం కాదని చెప్పి పంపించారు. ఆ మాట విన్నప్పటి నిశ్చింత నెల రోజులు ఉంది. తర్వాత మూడు కవర్లు వచ్చాయి: ఒకటి ఆసుపత్రిది, ఒకటి డాక్టరుది, ఒకటి స్కాన్ చదివిన రేడియాలజిస్టుది. మూడూ కలిపి 9,400 డాలర్లు. పట్టిక ప్రకారం కంపెనీ ఇచ్చింది 1,150 డాలర్లు. వాళ్లు నన్ను మోసం చేశారని అనను. రాసినదంతా ఇచ్చారు. నేనే కొనేటప్పుడు పైన పెద్ద అక్షరాలలో ఉన్న లక్ష డాలర్ల అంకె చూసి, రెండో పేజీలోని పట్టిక చూడలేదు.

ఆ 1,150 కూడా వెంటనే రాలేదు. ఆవిడకు బీపీ ఉంది కాబట్టి, తూలడానికి కారణం పాత జబ్బా కాదా తేల్చడానికి, ఇండియాలో చూపించుకున్న రికార్డులు పంపమన్నారు. మా ఊరి క్లినిక్‌లో రికార్డు అంటే ఏముంటుంది, తెల్ల చీటీ మీద రాసిన నాలుగు మందుల పేర్లు తప్ప? మా బావగారు ఆ డాక్టరు దగ్గరకు మూడుసార్లు తిరిగి, లెటర్‌హెడ్ మీద రాయించుకుని, ఫొటో తీసి పంపేసరికి ఆరు వారాలు గడిచాయి.

అప్పటి నుంచి ఏ పాలసీ తీసినా నేను మొట్టమొదట వెతికేది ముందే ఉన్న జబ్బుల గురించిన పేరా. నా లెక్కలో ఏ పాలసీ కొనాలో తేల్చేది ఆ పేరాయే. ధర, గరిష్ఠ మొత్తం, నెట్‌వర్క్ (కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రులు) అన్నీ దాని తర్వాతే. అరవై దాటిన మన తల్లిదండ్రులలో బీపీ, షుగరు, థైరాయిడ్, పాత స్టెంట్ వీటిలో ఏదీ లేనివారు ఎంతమంది? ఆరు నెలల్లో వాళ్లకు పెద్ద కష్టం అంటూ వస్తే, ఆ పాత జబ్బు వైపు నుంచి రావడానికే అవకాశం ఎక్కువ. కాలు జారితే, జ్వరం వస్తే అన్ని పాలసీలూ ఏదో ఒక మేరకు ఆదుకుంటాయి. గుండె నొప్పి వచ్చినప్పుడు ఎంతవరకు ఆదుకుంటాయన్నదే తేడా.

ఇక్కడి కాంప్రహెన్సివ్ ప్లాన్లలో దీనికి అక్యూట్ ఆన్‌సెట్ అనే నిబంధన ఉంటుంది. పాత జబ్బు ముందస్తు సూచన ఏదీ లేకుండా హఠాత్తుగా తిరగబడి, తక్షణ చికిత్స అవసరమై, 24 గంటలలోపు వైద్యుని దగ్గరకు చేరితే ఖర్చు ఇస్తారు. ఇందులో ప్రతి మాటకూ బరువు ఉంది. షుగరు నెల రోజులుగా మెల్లగా పెరుగుతూ పోతే అది హఠాత్తు కాదు. రెండు రోజులుగా ఆయాసం ఉన్నా పిల్లలను ఇబ్బంది పెట్టడమెందుకని నాన్న దాచుకుని మూడో రోజు చెబితే, 24 గంటల గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకని మా నాన్న దిగిన రోజు రాత్రే కూర్చోబెట్టి చెప్పాను: "నాన్నా, ఒంట్లో ఏ మాత్రం తేడా అనిపించినా అర్ధరాత్రి అయినా సరే లేపండి, తెల్లారేదాకా ఆగితే నష్టం." ఆయన నవ్వి, "అంత దూరం ఎందుకు ఆలోచిస్తావమ్మా" అన్నారు గానీ, తలగడ పక్కన ఫోన్ పెట్టుకోవడం మాత్రం మానలేదు.

ఈ నిబంధన కూడా అన్ని ప్లాన్లలో ఒకలా ఉండదు. కొన్ని పూర్తి పాలసీ మొత్తం దాకా ఇస్తాయి, కొన్ని దీనికి వేరే చిన్న పరిమితి పెడతాయి. డెబ్భై దాటితే ఆ పరిమితి బాగా తగ్గుతుంది, ఎనభై దాటితే చాలాచోట్ల ఈ సదుపాయమే ఉండదు. కొన్నిటిలో, బయల్దేరే ముందు మందు మార్చి ఉంటే ఆ జబ్బు నిలకడగా లేదని పక్కన పెట్టే షరతు కూడా ఉంటుంది. నిరుడు దరఖాస్తు నింపే ముందు వాట్సాప్ వీడియోలో నాన్నను మందుల డబ్బా తెమ్మన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క స్ట్రిప్పును కెమెరాకు దగ్గరగా పట్టుకుంటే నేను చదివి రాసుకున్నాను: టెల్మిసార్టన్ 40, మెట్‌ఫార్మిన్ 500, రాత్రికి అటోర్వాస్టాటిన్ 10. తర్వాత తెనాలిలో ఆయనను చాలా ఏళ్లుగా చూస్తున్న డాక్టరుగారి చేత, ఈ మందులు ఎప్పటి నుంచి వాడుతున్నారు, మోతాదు ఎప్పుడైనా మారిందా, ప్రయాణానికి అడ్డం ఏమైనా ఉందా అన్నవి లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించి, సంతకం, తేదీ వేయించి తెచ్చుకోమన్నాను. అత్తయ్యగారి సంగతిలో ఆరు వారాలు పట్టిన పని ఈసారి అరగంటలో అయింది.

కాబట్టి నేను కొన్నది కాంప్రహెన్సివ్ ప్లాన్. నేను చూసిన కొటేషన్లలో దాని ప్రీమియం ఫిక్స్‌డ్ ప్లాన్‌కు దాదాపు రెట్టింపు ఉంది, ఇద్దరికీ ఆరు నెలలకంటే భారమే. ఆ భారం కొంత తగ్గించుకోవడానికి డిడక్టబుల్, అంటే కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టేముందు మనం కట్టుకోవలసిన మొత్తం, 250 డాలర్లు పెట్టుకున్నాను. మొదటి 250 మనం భరించగలం, 25,000 భరించలేం కదా. డిడక్టబుల్ దాటాక నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రికి కంపెనీ నేరుగా చెల్లిస్తుంది, ఆ నెట్‌వర్క్‌కు కుదుర్చుకున్న తగ్గింపు ధర వర్తిస్తుంది. ఇంటికి దగ్గరలో నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి ఏది, ప్రాణాపాయం లేని చిన్న సమస్యలకు వెళ్లే అర్జెంట్ కేర్ క్లినిక్ ఏది అని పాలసీ కొనకముందే చూసి, కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. విహారానికి వెళ్లిన ఊళ్లలో కూడా ముందే చూసుకున్నాం. నయాగరా దగ్గర బస చేసిన ఇంటి మెట్ల మీద అమ్మ కాలు మడతపడి చీలమండ వాచినప్పుడు, ఎమర్జెన్సీకి పోకుండా పది నిమిషాల దూరంలోని అర్జెంట్ కేర్‌కు వెళ్లాం. మా పాలసీలో అర్జెంట్ కేర్‌కు డిడక్టబుల్ వర్తించదు, వెళ్లినప్పుడు మన వంతుగా కట్టే చిన్న మొత్తం (కో-పే) కడితే సరిపోయింది. అదే ఎమర్జెన్సీకి వెళ్లి, అడ్మిట్ కాకుండా తిరిగి వస్తే 200 డాలర్లో 250 డాలర్లో అదనంగా పట్టుకునే పాలసీలు ఉన్నాయి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు అది లెక్క చూసుకునే సమయం కాదు గానీ, వాచిన చీలమండకు అర్జెంట్ కేర్ సరిపోతుంది.

ఏ ప్లాన్ అయినా సాధారణంగా రోజూ వేసుకునే మందులకు, మామూలు చెకప్‌లకు, కళ్లజోడుకు డబ్బు ఇవ్వదు. ఆరు నెలల మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా అక్కడి నుంచి తెచ్చుకోవలసిందే. క్రెడిట్ కార్డుతో వచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎక్కువగా సామానుకు, విమానం ఆలస్యానికి సంబంధించినది, దాన్ని వైద్య బీమాగా లెక్కవేయకూడదు. ఇండియాలో కుటుంబమంతటికీ కలిపి ఉన్న ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య పాలసీ కూడా సాధారణంగా దేశం బయట పనిచేయదు.

ఇండియా పాలసీ కొనేసినవారు దాన్ని రద్దు చేసుకోనక్కర్లేదు. ప్రయాణంలో వచ్చే ఇబ్బందుల మట్టుకు దాన్ని ఉంచుకుని, వైద్యం కోసం ఇక్కడి కాంప్రహెన్సివ్ ప్లాన్ విడిగా తీసుకోవచ్చు. ఇక్కడి పాలసీ మనవాళ్లు దిగిన తర్వాత కూడా కొనవచ్చు, అయితే కొనేలోపు మొదలైన అనారోగ్యం దాని కిందకు రాదు కాబట్టి, అక్కడ విమానం ఎక్కే రోజు నుంచే అమలయ్యేలా కొనడం మంచిది. క్లెయిమ్ ఏదీ చేయకుండా ముందే తిరిగి వెళ్లిపోతే, కొద్దిపాటి రుసుము తీసుకుని మిగిలిన నెలల ప్రీమియం వెనక్కి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. కొనేముందు ఆ షరతు చూసుకోవాలి.

ఈ వేసవికి మా పిన్ని, బాబాయి వస్తున్నారు. పిన్నికి 68, ఆవిడకు నిరుటి ప్లానే తీసుకోమని చెప్పాను. బాబాయికి 81. ఆయన వయసుకు ఇక్కడి ప్లాన్ల గరిష్ఠ మొత్తం చాలాచోట్ల 10,000 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది, పాత స్టెంట్‌కు అక్యూట్ ఆన్‌సెట్ సదుపాయమూ దొరకలేదు. ఏ పాలసీ కొన్నా అసలు భయం తీరదని మా తమ్ముడికి దాపరికం లేకుండా చెప్పాను. ఆరు నెలలు అనుకున్నది రెండు నెలలకు తగ్గించి, ఎత్తైన ప్రదేశాలు కాబట్టి యెల్లోస్టోన్ ప్రయాణం మానుకుని, బయల్దేరేముందు గుంటూరులో కార్డియాలజిస్టుకు ఒకసారి చూపించి రమ్మన్నాను. వాడు టికెట్ తేదీలు మార్చాడు, బాబాయికి అపాయింట్‌మెంట్ వచ్చే వారం.