ఎం.వి.పి. కాలనీలో మా నాన్న వెళ్లే డే కేర్: పధ్నాలుగు నెలల తర్వాత

మా నాన్నకు 81 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి మూడేళ్లు దాటింది. పధ్నాలుగు నెలలుగా విశాఖ ఎం.వి.పి. కాలనీలోని ఒక డిమెన్షియా (మతిమరుపు జబ్బు) డే కేర్‌కు వెళ్తున్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్తే సాయంత్రం నాలుగున్నర వరకు అక్కడే. నెలకు 14,000 రూపాయలు, వ్యాన్‌కు ఇంకో 2,500. మేముండేది సీతమ్మధారలో. నేను బ్యాంకులో పనిచేస్తాను. పగటిపూట ఆయన్ను ఎవరికి అప్పజెప్పాలో తెలియక కౌంటర్‌లో కూర్చునే కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

దీనికి ముందు ఒక ఏజెన్సీ నుంచి ఇంటికి మనిషిని పెట్టుకున్నాం. ఓ రోజు మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికొస్తే నాన్న గదికి బయట గడియ పెట్టి ఉంది. ఆ రోజే మానిపించాం. దాని గురించి ఇంక రాయాలని లేదు.

డే కేర్‌లో చేర్చేటప్పుడు నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. మందుల గురించి అర పేజీ. మిగతాదంతా ఆయన గురించే. ఏ ఊళ్లో పుట్టారు, ఏం పని చేశారు, తోటివాళ్లు ఏమని పిలిచేవారు, కాఫీలో పంచదార ఎంత, స్నానం టిఫిన్‌కు ముందా తర్వాతా, దేనికి భయపడతారు, కోపం వస్తే ఎలా చల్లబడతారు. సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. మల్కాపురంలో ఉండే ఆయన పాత స్నేహితుడికి ఫోన్ చేసి కనుక్కున్నాను. "మీ నాన్ననా? లాఫ్ట్ మేస్త్రీ అనేవాళ్లం అమ్మా" అన్నారాయన. యాభై రెండేళ్ల వయసులో మొదటిసారి విన్నాను ఆ మాట.

నాన్న హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లో మోల్డ్ లాఫ్ట్‌లో పనిచేశారు. కంప్యూటర్లు రాకముందు ఓడ పక్కటెముకలన్నింటినీ (ఫ్రేములంటారు వాటిని) పెద్ద చెక్క నేలమీద అసలు సైజులోనే గీసేవారట. సన్నటి చెక్క బద్దను వంచి, కదలకుండా బరువులు పెట్టి, దాని వెంట గీత గీయాలి. ఆ గీతల నుంచి అచ్చులు తీసి, అచ్చుల ప్రకారం ఇనుప రేకులు కోస్తారు. ఆ పనంతా మోకాళ్ల మీదే. నాన్న మోకాళ్లకు కాయలు ఎందుకున్నాయో నాకు అప్పుడు అర్థమైంది.

మొదటి వారం అక్కడ ఆయన్ను అందరిలాగే "తాతగారూ" అన్నారు. పలకలేదు, తినలేదు. ఫారం చూసి నర్సమ్మ "లాఫ్ట్ మేస్త్రీ గారూ" అని పిలిచిందట. వెంటనే తల తిప్పి "ఏ ఫ్రేమ్?" అన్నారట. మర్నాడు వాళ్లు హాల్లో ఒక మూల ప్లైవుడ్ షీట్లు పరిచి, ఒక సన్నటి బద్ద, నాలుగు ఇసుక సంచులు, సుద్దముక్కలు పెట్టారు. నా మొగుడి పేరు గుర్తులేని మనిషి, మనవరాలిని చూసి "ఎవరమ్మా నువ్వు" అనే మనిషి, బద్దను వంచి ఒక్క ఊపులో వంపు గీశారు. వాళ్లు తీసిన వీడియో ఆఫీసులో చూశాను. చెయ్యి ఒణకలేదు.

ఇదెలా సాధ్యమని డాక్టరు గారిని అడిగాను. ఈ జబ్బు కొత్త విషయాల్ని దాచుకునే భాగాన్ని ముందు దెబ్బతీస్తుంది, చేతికి అలవాటైన పని మెదడులో వేరేచోట ఉంటుంది, అది చాలాకాలం నిలుస్తుంది అన్నారు. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు గానీ యాభై ఏళ్ల కిందటి వంపు గుర్తుంటుంది.

హాల్లో ఒక గోడ నిండా పాత విశాఖ ఫోటోలున్నాయి. అందులో ఒకటి 1948 మార్చి 14న నెహ్రూ ఇక్కడ 'జలఉష' ఓడను నీళ్లలోకి దింపినప్పటిది. దాని ముందు నిలబడి నాన్న "అయ్య భుజాల మీద కూచుని చూశాను" అన్నారట. అప్పటికి ఆయనకు నాలుగేళ్లు. మాకెప్పుడూ చెప్పలేదు ఆ సంగతి. సిబ్బంది దాన్ని తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసి సాయంత్రం నాకు చూపించారు. ప్రతి ఒక్కరికీ అలాంటి నోట్‌బుక్ ఒకటుంటుంది. మా నాన్నది ఇప్పుడు రెండోది నడుస్తోంది.

ఒకసారి సింహాచలం సంపెంగలు తెచ్చి అందరికీ వాసన చూపించారు. నాన్న పువ్వును గుప్పిట్లో పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. ఇంటికొచ్చి నాకిచ్చి, "మీ అమ్మకియ్యి" అన్నారు.

అమ్మ 2019లో పోయింది. ఇక్కడే ఒక పొరపాటు గురించి చెప్పాలి. నాలుగో నెలలో ఒక రోజు నాన్న "మా ఆవిడేదీ?" అని అడిగితే, కొత్తగా చేరిన అటెండర్ కుర్రాడు "అమ్మగారు పోయారు కదండీ" అనేశాడు. నాన్న ఆ క్షణమే విన్నట్టు ఏడ్చారు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎందుకు ఏడుస్తున్నారో మర్చిపోయారు గానీ దుఃఖం మాత్రం పోలేదు. ఆ సాయంత్రం ఇన్‌చార్జ్ మేడమే ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పారు. "తప్పు మాది. ఆ అబ్బాయికి నేర్పకుండా డ్యూటీ వేశాం" అన్నారు. నేనేమీ అనలేకపోయాను. ఎందుకంటే ఇంట్లో "నాన్నా, అమ్మ లేదు కదా, ఎన్నిసార్లు చెప్పాలి" అని నేనూ అన్నాను. ఒకటి కాదు, పది సార్లు అనుంటాను. ప్రతిసారీ ఆయనకు అది కొత్త చావే అని నాకు తట్టలేదు.

ఇప్పుడు అక్కడ అలా చెప్పరు. అబద్ధమూ చెప్పరు. "అమ్మగారు గుర్తొస్తున్నారా? ఏం వండేవారండీ?" అంటారు. నాన్న నెత్తళ్ల పులుసు గురించి మొదలుపెడతారు, మామిడికాయ ఎప్పుడు వెయ్యాలో చెప్తారు, కాసేపటికి తేలికపడతారు. నేనూ ఇంట్లో అదే పద్ధతి నేర్చుకున్నాను.

నెలకోసారి రెండో శనివారం ఇంటివాళ్లకు మీటింగ్ పెడతారు. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది అదే. "గుర్తుందా?" అని అడగొద్దు అన్నది మొదటి పాఠం. అది ఆయనకు పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. "నేను బుజ్జిని నాన్నా, ఆఫీసు నుంచి వచ్చాను" అని మనమే చెప్పేయాలి. తెల్ల కంచంలో తెల్ల అన్నం కనపడక వదిలేస్తున్నారేమో, రంగు కంచం పెట్టి చూడమన్నారు. ఎర్ర కంచం కొన్నాను, నిజంగానే కలిపిందంతా తింటున్నారు. ఉన్నట్టుండి ఒక్క రోజులో అయోమయం ఎక్కువైతే జబ్బు ముదిరిందని ఊరుకోకుండా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూపించమన్నారు. జనవరిలో మాకు సరిగ్గా అదే జరిగింది. మందు వాడాక మళ్లీ మామూలయ్యారు.

బాగాలేనివి కూడా ఉన్నాయి. సాయంత్రం వ్యాన్ తరచూ ఆలస్యం. ఈ జబ్బున్నవాళ్లకు పొద్దు వాలేకొద్దీ కంగారు పెరుగుతుంది. ఐదున్నర దాటితే నాన్న వ్యాన్‌లోనే "ఇంటికి పోదాం" అని తలుపు గుద్దుతారు. నేను మూడుసార్లు ఫిర్యాదు చేశాక మమ్మల్ని మొదటి ట్రిప్‌లోకి మార్చారు. అందరికీ అలా కుదరదు కదా. బండ్లు పెంచాలి. అటెండర్లు కూడా ఎక్కువకాలం నిలవడం లేదు. నాన్నకు బాగా మాలిమైన భీమిలి కుర్రాడు ఎక్కువ జీతం వస్తుందని వెళ్లిపోయాడు. వాడిని తప్పుపట్టను, ఇంత కష్టమైన పనికి ఇచ్చే జీతమే తక్కువ. మధ్యాహ్నం టీవీలో గట్టిగా వార్తలు పెడతారు. అది మానాలని మీటింగ్‌లో చెప్పాను. కొన్నాళ్లు ఆపారు, మళ్లీ మొదలైంది.

గాజువాక, కూర్మన్నపాలెం వైపు వ్యాన్ లేదు. మంచం మీద ఉన్నవాళ్లను, రాత్రిళ్లు చూసుకోవాల్సిన వాళ్లను తీసుకోరు. చేర్చే ముందు న్యూరాలజిస్ట్ రిపోర్టు అడుగుతారు. అది మంచిదే. బి12 లోపం, థైరాయిడ్ వల్ల కూడా మతిమరుపు రావచ్చు కాబట్టి ఆ పరీక్షలు ముందు చేయించుకోండి. పెద్దవాళ్లకు ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే 14567కు ఫోన్ చేయండి. అది సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్, డబ్బులేమీ అడగరు.

చేరేటప్పుడు పాత ఫోటోలు తీసుకెళ్లండి. ప్రతి ఫోటో వెనక పేర్లు, ఊరు రాయండి. చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాయండి. మా ఇంట్లో ఐదు ఫోటోల్లో మనుషులెవరో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

సుద్దముక్కలు నేనే కొనిస్తున్నాను. పూర్ణామార్కెట్‌లో తీసుకుంటాను, నెలకు రెండు డబ్బాలు. తెల్లవే కావాలంటారు నాన్న. రంగువి ఇస్తే పక్కన పెట్టేస్తారు.