బకెట్ నీళ్లు 40 రూపాయలు: అంబాసిడర్‌లో కొరాపుట్ ప్రయాణం

ఒడిశాలో కొరాపుట్ బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జి బిల్లులో ‘ఇతర ఖర్చులు’ అని 80 రూపాయలు వేశారు. ఏంటివి అని అడిగితే, పొద్దున కారు కోసం పట్టుకున్న రెండు బకెట్ల నీళ్లట. గది అద్దె 1,800, పార్కింగ్‌కి విడిగా 150 తీసుకుని మరీ నీళ్లకి లెక్క కట్టారు. ఇది రాయడానికి సగం కారణం ఆ 80 రూపాయలే. మిగతా సగం అక్కడికి దగ్గర్లోని జయపురంలో రేడియేటర్లు బాగుచేసే ఒక పెద్దాయన.

మాది మా నాన్నగారి నాటి అంబాసిడర్ మార్క్ 4, 1985 మోడల్ పెట్రోలు బండి. అత్తగారికి కొరాపుట్ జగన్నాథుణ్ణి చూడాలని ఎప్పటినుంచో కోరిక. విజయనగరంలో అద్దె బండికి 14,000 చెప్పారు. ‘ఇంట్లో ఏనుగులాంటి కారుంటే అద్దెదెందుకు అల్లుడుగారూ’ అన్నారు ఆవిడ. మా బావమరిది మాత్రం బయల్దేరేటప్పటి నుంచే మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

సాలూరు దాకా చెప్పుకోవడానికేం లేదు. డెబ్భైలో పోతున్నా టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే నిలబడింది. పి.కోనవలస దాటి ఘాట్ మొదలయ్యాక కథ మారింది. ముందు నిండు లోడు లారీలు, ఓవర్‌టేక్ చేసే చోటు లేదు, రెండో గేరులో ఈడ్చుకుంటూ ఎక్కాలి. ముల్లు మెల్లగా లేచి ఎర్రగీత ముట్టుకుంది. ‘బావా, ఈ లైటేంటి, వెలిగి ఆరుతోంది?’ అన్నాడు బావమరిది. బ్యాటరీ చార్జింగ్ సరిగా లేకపోతే వెలిగే చార్జింగ్ లైటు అది. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఘాట్‌లో వచ్చే సుంకి ఊరు ఇంకా రాలేదు. వెడల్పుగా ఉన్న ఒక మలుపులో పక్కకి తీసి ఆపాం.

వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి, మొహం కాలిపోతుంది. ముప్పావుగంట ఆగి, పైహోసు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక, గుడ్డ వేసి మూత తిప్పాను. ఇంజన్ స్టార్ట్ చేసి వదిలి, నీళ్లు కొంచెం కొంచెంగా పోశాను. మరిగిన ఇంజన్‌లో చల్లనీళ్లు ఒక్కసారి కుమ్మరిస్తే హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం, పగిలే ప్రమాదం ఉంది. అత్తగారు ఈ గొడవంతా పట్టించుకోకుండా రోడ్డుపక్కన సీతాఫలాలు బేరమాడుతున్నారు. బుట్ట 120.

ఆగుతూ ఆగుతూ సిమిలిగుడ చేరాం. విమానాల ఇంజన్లు తయారుచేసే సునాబెడ ఫ్యాక్టరీ పక్కనే ఉంది కదా, ఇక్కడ మెకానిక్కులకేం లోటు అనుకున్నా. గ్యారేజీ కుర్రాడు బానెట్ ఎత్తి, ఇంకా వేడిగా ఉన్న రేడియేటర్‌లో బుడగలు చూసి, ‘హెడ్ గాస్కెట్ పోయింది’ అని తేల్చేశాడు. హెడ్డుకీ కింది ఇంజన్ దిమ్మకీ మధ్య ఉండే సీలు అది. హెడ్డు దించాలి, దాని అడుగు చదునుగా ప్లెయిన్ చేయించాలి, 9,500 అవుతుంది, బండి మూడు రోజులు వదిలెయ్యాలి. ఇంజన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీసి చూశావా అంటే జవాబు లేదు. గాస్కెట్ లీకై ఆయిల్లో నీళ్లు కలిస్తే అది పాలు కలిపిన కాఫీ రంగుకి తిరుగుతుంది. మాది శుభ్రంగా ఉంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ లేదు, నాలుగు సిలిండర్లూ చక్కగా కొడుతున్నాయి. మరిగిపోయిన నీళ్లలో బుడగలు రాక ఏమొస్తాయి? చూసినందుకు 200 తీసుకున్నాడు. ఇచ్చి బయటపడ్డాం. మా ఆవిడకి అప్పటికే టెన్షన్, ‘బండి ఇక్కడే ఇచ్చేసి బస్సులో పోదాం’ అంది.

గాస్కెట్ సంగతి తేల్చుకోవాలంటే ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. అందుకే మర్నాడు పొద్దున్నే లాడ్జి ఆవరణలో మూత తీసి నీళ్లు నింపి స్టార్ట్ చేశాను. గాస్కెట్ పోతే సిలిండర్లో గ్యాసు నీళ్లలోకి తోసుకొచ్చి, నీళ్లు వేడెక్కకముందే బుడబుడమంటూ బుడగలు మొదలవుతాయి. ఐదు నిమిషాలు చూశా, ఒక్క బుడగ లేదు. ఈలోగా మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఇది గ్యారేజీ కాదు, ఆయిల్ మరకలు పడతాయి, బండి బయట పెట్టుకోండి అని హిందీలో కేకలు. ఒక్క చుక్క పడలేదు, నేల చూపించాను. అయినా ఆగలేదు. వేడినీళ్లు 6 నుంచి 8 దాకా అని బోర్డు పెట్టుకుని ఆరూ నలభైకే ఆపేసినవాడు మాకు నీతులు చెప్తాడు. ఒక బకెట్ రేడియేటర్‌కి, ఇంకోటి క్యాన్లలోకి పట్టుకున్నందుకే ఆ 80. ఫొటోలు చూసి కొరాపుట్ బస్టాండు చుట్టుపక్కల గదులు ముందే బుక్ చేసుకోకండి. వెళ్లి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి చూశాకే డబ్బులివ్వండి.

గుళ్లో మాత్రం మనసు నిండింది. శబర శ్రీక్షేత్రం అంటారు దీన్ని. గుట్ట మీద ప్రశాంతంగా ఉంది, తోపులాట లేదు. దాల్మా, అన్నం తిని అత్తగారు ‘ఇంత పప్పులో అన్ని కూరగాయలు ఉడికినా ఒక్కటీ చితకలేదే’ అని రెండోసారి వడ్డించుకున్నారు.

జయపురం దిగాక మళ్లీ ఎక్కడం కుదురుతుందా అన్న భయంతోనే రేడియేటర్ షాపు కోసం అడిగాం. ఒక సందులో చూపించారు. పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి, తెలుగే. ‘ఏ ఊరు బాబూ?’ అన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘పరుగులో వేడెక్కుతోందా, పాకుడులోనా?’ పాకుడులోనే అన్నాను. ‘మరైతే గాలి సంగతి చూద్దాం’ అన్నాడు. స్పీడుగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లార్చేస్తుంది. నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఫ్యానే దిక్కు. స్పీడులోనూ వేడెక్కితే అప్పుడు లోపల తుప్పు, సున్నం పేరుకున్నాయేమో చూడాలట. చార్జింగ్ లైటు మాట చెప్పగానే బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అంగుళానికి పైగా దిగింది, లోపలి అంచు అద్దంలా మెరుస్తోంది. బ్యాటరీని చార్జి చేసే డైనమో, ఫ్యాను, వాటర్ పంపు, మూడింటినీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. అది జారితే లైటు వెలుగుతుంది, గాలి తగ్గుతుంది, నీళ్ల తిరుగుడూ తగ్గుతుంది.

తర్వాత మూత తీసి లోపలి రబ్బరు గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ‘కుక్కర్ వెయిట్ లాంటిదిది. ఒత్తిడి పట్టి ఉంచకపోతే నీళ్లు త్వరగా మరిగిపోతాయి.’ కొరాపుట్ ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. 7 పౌండ్ల ఒత్తిడి ఆపే మూత గట్టిగా పట్టి ఉంచితే ఇంకో పది డిగ్రీల పైన తట్టుకుంటాయి. కింది హోసు కూడా మెత్తబడిపోయింది. నేను రేజ్ ఇస్తుంటే ఆయన చూపించాడు, పంపు లాగుడికి అది చప్పిడిముక్కులా లోపలికి నొక్కుకుపోతోంది. రెండో గేరులో జరిగిందీ అదే. చివర్లో ఫ్యాను వైపు నుంచి పైపుతో నీళ్లు కొడితే రేడియేటర్ రెక్కల్లోంచి మట్టీ, పురుగులూ గుప్పెళ్లకొద్దీ పడ్డాయి.

బెల్టు 320, మూత 180, హోసు 250, కూలి 400. మొత్తం 1,150. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయినా సామానంతా పక్కవీధిలో దొరికింది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే తర్మోస్టాట్ పీకేస్తే చల్లగా ఉంటుందట కదా అన్నాడు బావమరిది. ‘పీకేస్తే చలికాలం ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు, పెట్రోలు తాగుద్ది. అది బాగానే ఉంది, వదిలెయ్యి’ అని పెద్దాయన కసిరాడు. పని చేస్తూనే, ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ మా రాజుగారేనని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పనికి ముందు డబ్బు మాటే ఎత్తలేదు.

గుప్తేశ్వరం, కోలాబ్ డ్యామ్ చూశాం, బాగున్నాయి. దేవమాలి కొండ మీదికి మాత్రం పాతకారు ఎక్కించొద్దు. మేం సిమిలిగుడ నుంచి బొలెరో 2,200కి మాట్లాడుకున్నాం. పైన చలిగాలికి అత్తగారు బండి దిగలేదు. గది జయపురంలోనే తీసుకోండి: 1,650కి గీజరు, పార్కింగ్, పొద్దున ఇడ్లీ అన్నీ కలిపి దొరికాయి, మనిషీ మర్యాదగా మాట్లాడాడు.

జయపురం నుంచి కొరాపుట్ ఎక్కేటప్పుడు కావాలనే ఒక సిమెంటు లారీ వెనకాలే రెండో గేరులో పోనిచ్చాను. ముల్లు సగం దాటి ఒక గీత కదిలింది, అక్కడే ఆగింది. మా ఆవిడ నిద్రపోయింది. బావమరిది మాత్రం సుంకి దిగేదాకా ఆ ఎర్రలైటు మీంచి చూపు తిప్పలేదు.