నిద్రలేమికి ఏది మేలు: మాత్రా, సీబీటీ-ఐ థెరపీనా?

వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకు పైగా నిద్ర సరిగ్గా పట్టక, పగలు పనులు కూడా దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అక్కడిదాకా వచ్చిన మనిషి ముందు అడిగేది మాత్రే. అడగడంలో తప్పు లేదు. జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు వేసుకున్న రాత్రే పనిచేస్తాయి. సీబీటీ-ఐ అంటే మందులతో కాకుండా, నిద్రను చెడగొట్టే అలవాట్లను, ఆలోచనలను మార్చి చేసే థెరపీ. దానికి ఆ వేగం లేదు, కొన్ని వారాలు పడుతుంది.

అయినా నా ఓటు థెరపీకే. అమెరికా డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా 2016లో పెద్దవాళ్లందరికీ మొదట ఇవ్వాల్సింది సీబీటీ-ఐ అనే చెప్పింది. మాత్ర నిద్ర తెప్పిస్తుంది గానీ, నిద్రను చెడగొడుతున్న అలవాట్ల జోలికి పోదు. ఆపేస్తే సమస్య మళ్లీ మొదటికొస్తుంది, కొందరికి కొన్నాళ్లు ఇంకా ఎక్కువవుతుంది. వయసు మళ్లినవాళ్లు రాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదమూ ఉంది. జోల్పిడెమ్ వేసుకున్న కొందరు నిద్రమత్తులోనే నడవడం, కారు నడపడం వల్ల అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2019లో దాని మీద తీవ్రమైన హెచ్చరిక వేయించింది.

థెరపీలో అసలు పట్టు మంచం మీద గడిపే సమయాన్ని తగ్గించడంలో ఉంది. రాత్రి తొమ్మిదికి పడుకుని పొద్దున ఆరుకి లేచే మనిషికి నిజంగా పడుతున్న నిద్ర ఆరు గంటలే అనుకుందాం. ఇక నుంచి పన్నెండుకి పడుకుని ఆరుకి లేవమంటారు. పడుకున్న సమయంలో కనీసం 85 శాతం నిద్రపోతుంటే, మెల్లగా పావుగంట చొప్పున పెంచుతారు. ఎంతకీ నిద్ర పట్టకపోతే మంచం దిగాలి, గడియారం చూడకూడదు. ‘ఈ రాత్రి నిద్రపోకపోతే రేపు నా పని అయిపోయినట్టే’ అనే టెన్షన్‌ను కూడా కూర్చోబెట్టి మాట్లాడి తగ్గిస్తారు.

మొదటి రెండు వారాలు కష్టమే, పగలు కళ్లు మూతలు పడతాయి. చాలామంది వదిలేసేది ఇక్కడే, దయచేసి వదలొద్దు. డ్రైవింగ్ వృత్తిలో ఉన్నవాళ్లు, బైపోలార్, మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఇది మొదలుపెట్టకూడదు. గట్టిగా గురక పెట్టేవాళ్లు ముందు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్య) ఉందేమో చూపించుకోవాలి.

కాఫీ తగ్గించడం, ఫోన్ పక్కన పెట్టడం మంచివే. కానీ ముదిరిన నిద్రలేమికి అవొక్కటే చాలవు. థెరపిస్టు దొరకకపోతే సీబీటీ-ఐ నేర్పే యాప్‌లు ఉన్నాయి, అవీ పనిచేస్తాయి.

ఇప్పటికే మాత్రల మీద ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు. థెరపీ మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు డోసు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.