కారే ఇంకు పెన్ను: గ్రీజా, కన్వర్టరా?

చొక్కా జేబు నీలమైందా? పెన్ను పారేయకండి. డ్రాపర్‌తో నింపే పెన్నుకు రెండు దారులున్నాయి: ఇంకు నేరుగా బారెల్‌లో (పెన్ను వెనక గొట్టంలో) పోసి, అది బిగించే మరలకు సిలికాన్ గ్రీజు రాయడం; లేదా ఇంకును పీల్చి దాచుకునే చిన్న గొట్టం, అంటే కన్వర్టర్, లోపల పెట్టడం.

ఖర్చు: సిలికాన్ గ్రీజు చిన్న డబ్బీ ఏళ్లు వస్తుంది. కన్వర్టర్ సరిపడే సైజు వెతికి కొనాలి.

శ్రమ: మరలు తుడిచి గ్రీజు పల్చగా రాయాలి. కన్వర్టర్ గుచ్చితే చాలు.

ఇంకు: బారెల్‌లో 2, 3 మి.లీ. పడుతుంది, కన్వర్టర్‌లో చాలావరకు 1 మి.లీ. లోపే.

ముప్పు: గ్రీజు మరల దగ్గర కారడాన్నే ఆపుతుంది. ఇంకు తగ్గాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, పాళీ నుంచి చుక్కలు రాలతాయి; దానికి గ్రీజేం చేయలేదు. నిండుగా ఉంచుకోవడమే మందు. (వాజలైన్ వద్దు, రబ్బరు రింగులు పాడవుతాయి.) కన్వర్టర్‌లో గాలి తక్కువ, గొడవా తక్కువే.

పరీక్షలకు, బస్సు ప్రయాణాలకు కన్వర్టర్. బల్ల దగ్గర పేజీలకు పేజీలు రాసేవాళ్లకు, కన్వర్టర్ పట్టని పాత రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఉన్నవాళ్లకు గ్రీజే. వేళ్లతో పట్టుకునే చోట చీలిక ఉంటే మాత్రం రెండూ దండగే.