తొమ్మిదేళ్ల పేస్‌మేకర్: డబ్బా బాగుంది, చెప్పే తీరు మాత్రం...

ఎడమ భుజం కింద చర్మం లోపల నాకో చిన్న డబ్బా ఉంది, గుండె నెమ్మదిస్తే తీగ గుండా కొట్టుకోమని గుర్తుచేసే పేస్‌మేకర్. తొమ్మిదేళ్లు పనిచేసి బ్యాటరీ అయిపోవస్తే ఈ వేసవిలో మార్చారు. పాత తీగలు అలాగే ఉంచి డబ్బా ఒక్కటే కొత్తది వేశారు. యంత్రానికి వంక పెట్టను. గుండెలో కొట్టుకోమనే సంకేతం కిందికి సరిగా అందని హార్ట్ బ్లాక్‌తో నాడి నిమిషానికి 36కు పడిపోయి, పప్పు కడుగుతూ వంటగదిలో కూలబడ్డ మనిషిని. ఇప్పుడు మూడంతస్తులు ఎక్కుతున్నాను. వంకల్లా దాని గురించి మనకు చెప్పే వాళ్ల దగ్గరే.

మొదటిసారి వేసినప్పుడు డాక్టరుగారు నా మంచం పక్కనే నిలబడి మా అబ్బాయితో మాట్లాడారు, అదీ ఇంగ్లీషులో. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పిన దాన్ని. నా వంతుకు వచ్చింది ఒకటే మాట: "కంగారు పడకండమ్మా, చిన్న మెషినే." ఇంటికి పంపేటప్పుడు కంపెనీవాళ్ల పుస్తకం ఒకటి ఇచ్చారు. తెలుగే, కానీ "ప్రేరణలు ప్రసరింపజేయబడును" తరహా తెలుగు. రెండో పేజీ దాటలేదు.

ఎడమ చెయ్యి భుజం పైకి ఎత్తవద్దన్నారు. ఎందుకో, ఎన్నాళ్లో చెప్పలేదు. నాలుగు నెలలు ఎత్తలేదు. భుజం బిగుసుకుపోయి జడ వేసుకోవడానికి కోడలిని పిలవాల్సి వచ్చింది. తీగ కొన గుండె గోడకు గట్టిగా అంటుకునేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలే ఆ జాగ్రత్త అని తర్వాత తెలిసింది. ఆ ఒక్క వాక్యం ముందే చెప్పి ఉంటే ఫిజియోథెరపీ ఖర్చు మిగిలేది.

ఊరు మారాక చెకప్ వేరేచోట. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి ముందు నా కుర్చీ దగ్గరికి తన కుర్చీ జరుపుకుంది. "ఇప్పుడు గుండె వేగం కాస్త పెంచి చూస్తాను, దడగా అనిపిస్తుంది. ఇబ్బందిగా ఉంటే చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను" అంది. పాతచోట ఇదే పరీక్ష మాటమాత్రం చెప్పకుండా చేస్తే ప్రాణం పోతోందనుకున్నాను. తీసేసిన పాత డబ్బా ఒకటి నా అరచేతిలో పెట్టింది. అగ్గిపెట్టెకన్నా చిన్నది.

తర్వాత ఇంట్లో ఏ పొయ్యి వాడతారని అడిగింది. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం, ఫోను ఈ ఒంట్లోని డబ్బాకు జానెడు దూరం, మైక్రోవేవ్‌కు భయం అక్కర్లేదు. తిరుమల వెళ్తే తలుపులాంటి మెటల్ డిటెక్టర్ గుండా మామూలుగా నడిచి వెళ్లిపోవాలి, దానికి ఆనుకుని నిలబడకూడదు. చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఆపవద్దని పేస్‌మేకర్ ఉన్నట్టు తెలిపే కార్డు చూపించి చెప్పాలి. చివర్లో, "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, మీరు ఒకసారి నాకు చెప్పండి" అంది. నేను పిల్లలను ఇంత మర్యాదగా ఎన్నడూ అడగలేదు.

బ్యాటరీ మార్చే ముందురోజు, నేను పోయాక దీన్ని ఏం చేస్తారని కొత్త డాక్టరుగారిని అడిగాను. అపశకునపు మాటలొద్దని మా అబ్బాయి కసిరాడు. డాక్టరుగారు నవ్వలేదు, మాట మార్చలేదు. కూర్చుని, నా వైపే చూస్తూ చెప్పారు: దహనానికి ముందు తప్పకుండా తీయించాలి, వేడికి బ్యాటరీ పేలుతుంది. పోయే ప్రాణాన్ని ఇది పట్టి ఆపదు, ఆ దిగులు వద్దు. ఈ రెండో దిగులు నాకు ఉందని ఆయనకు ఎలా తెలిసిందో!

దహనం సంగతి కార్డుతో పాటు ఒక చీటీ మీద రాసి పెట్టాను. అబ్బాయి చదివి మాట్లాడకుండా తన పర్సులో పెట్టుకున్నాడు.

అన్నట్టు, ఈసారీ అదే పుస్తకం ఇచ్చారు. ప్రేరణలు ఇంకా ప్రసరింపజేయబడుతూనే ఉన్నాయి. ఎర్ర పెన్నుతో ఆరు పేజీలు దిద్దాను, వచ్చే చెకప్‌కు పట్టుకెళ్తాను.