విశాఖ ఉప్పుగాలిలో పెరిగిన పికప్, ముక్తినాథ్ దారి: చాలాకాలం వాడిన తర్వాత నా సమీక్ష

పాత పికప్‌ను దూరప్రయాణానికి సిద్ధం చేయడమనగానే కప్పు మీద గుడారం, ముందు భాగంలో వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), వరుసగా అదనపు లైట్లు గుర్తుకు రావడం ఈ మధ్య మామూలైపోయింది. నా ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌ను విశాఖపట్నంలోనే సిద్ధం చేయించి, నేపాల్‌లోని ముక్తినాథ్ క్షేత్రం దాకా, భూటాన్‌కూ తిరిగి వచ్చి, ఆ తర్వాత కూడా రోజువారీ పనులకు వాడుతున్న నాకు మాత్రం వేరే క్రమం సరైనదనిపిస్తోంది. అరిగినవి, తుప్పు పట్టినవి, ఎండి పెళుసెక్కినవి ముందు మార్చాలి. ఆ తర్వాత బరువు తగ్గించాలి. కొత్తగా బిగించే సామాను సంగతి ఆ రెండూ పూర్తయ్యాకే ఆలోచించాలి.

ఇది 2016లో మన దేశంలో విడుదలైన తొలి తరం వీ-క్రాస్. మన రాష్ట్రంలోని శ్రీసిటీ కర్మాగారంలోనే తయారైంది. 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, 134 హార్స్‌పవర్ శక్తి, 320 న్యూటన్ మీటర్ల టార్క్, ఐదు గేర్లు, లో-రేంజ్‌తో (నిటారు దారుల కోసం నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరుతో) కూడిన ఫోర్ వీల్ డ్రైవ్, వెనుక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), 76 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. పాత బీఎస్-4 కాలుష్య ప్రమాణాల బండి కాబట్టి, పొగలోని కాలుష్యాన్ని తగ్గించే యాడ్‌బ్లూ ద్రవం పోయాల్సిన పని లేదు. నేపాల్‌కు డీజిల్ వెళ్లేది మన దేశం నుంచే. 2019 నుంచి మోతిహారి–అమ్లేఖ్‌గంజ్ పైపులైను ద్వారా కూడా వెళ్తోంది. అందుచేత ఇంధనం విషయంలో నాకు పెద్దగా దిగులు లేకపోయింది. ముందుజాగ్రత్తగా డీజిల్ ఫిల్టర్లు మాత్రం అదనంగా దగ్గర ఉంచుకున్నాను.

విశాఖ బండికి అసలు పరీక్ష ఛాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం) దగ్గరే మొదలవుతుంది. సముద్రానికి దగ్గరగా ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండికి పైన రంగు నిగనిగలాడుతున్నా, కింద ఛాసిస్ పట్టీల లోపలి వైపు, కమాన్‌ను చట్రానికి కలిపే షాకిళ్ల చుట్టూ, బ్రేకు పైపులు క్లిప్పులతో బిగించిన చోట, బ్యాటరీ ఎర్త్ తీగ ఛాసిస్‌కు తగిలే చోట ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. గాజువాక ఆటోనగర్‌లోని షెడ్డులో బండిని పైకెత్తి, మేస్త్రి చిన్న సుత్తితో ఛాసిస్ ఈ చివర నుంచి ఆ చివర దాకా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల పొరలుగా రాలుతున్న చోట మొద్దు చప్పుడు వస్తుంది. వెనుక కమాన్ బ్రాకెట్ పక్కన ఆ మొద్దు చప్పుడు వినగానే ఆయన ఆగి, వైర్ బ్రష్‌తో గీకి, ఆరోగ్యంగా ఉన్న ఇనుము బయటపడే దాకా వదల్లేదు. చోటు చిన్నదే కావడంతో పట్టీ వేసి వెల్డింగ్ చేస్తే సరిపోయింది. తుప్పు మీదనే నల్లటి తారు పూత కొట్టించుకోవడం మన ఊళ్లో చాలామందికి అలవాటు. ఆ పూత తుప్పును ఆపదు. తేమను లోపల బంధించి, కంటికి కనబడకుండా చేస్తుంది. నేను ఛాసిస్ రంధ్రాల్లో పేరుకున్న మట్టిని నీటితో కడిగించి, రెండు రోజులు ఎండలో ఆరనిచ్చి, లోపలికి మైనం కలిసిన నూనె పిచికారీ చేయించాను. ఈ మొత్తం సన్నాహంలో పెట్టిన ఖర్చుకు అత్యధిక ఫలితం ఇచ్చిన పని ఇదేనని నిస్సందేహంగా చెప్పగలను.

రెండో ముఖ్యమైన పని బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందన్న సంగతి కోస్తా వాసులకు మరింత వర్తిస్తుంది. డాట్-4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం; తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఎత్తు నుంచి గంటల తరబడి దిగే దారిలో ఆ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. ఆయిల్ పూర్తిగా మార్పించి, ముందు డిస్కుల ప్యాడ్లు, వెనుక డ్రమ్ముల లైనర్లు కొత్తవి వేయించి, ప్రయాణంలో మోయబోయే బరువంతా ఎక్కించుకుని శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి దిగాను. దిగాక నాలుగు చక్రాల హబ్‌ల (మధ్య భాగాల) దగ్గర అరచేయి పెట్టి చూస్తే, ముందు ఎడమ చక్రం మిగతా వాటికన్నా స్పష్టంగా వేడిగా ఉంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ విప్పితే, అది జారవలసిన పిన్ను ఉప్పుతో బిగుసుకుపోయి, ఒక ప్యాడ్ ఎప్పుడూ డిస్కును రాస్తూనే ఉన్నట్టు తేలింది. శుభ్రం చేసి గ్రీజు పెట్టించడం చిన్న పనే. అదే లోపం ముక్తినాథ్ దారిలో బేని పట్టణం దాటిన తర్వాత బయటపడి ఉంటే సంగతి వేరుగా ఉండేది. ఆగిన ప్రతిచోటా హబ్‌లను చేత్తో తాకి చూసే అలవాటు ఆ ఘాట్ రోడ్డు మీదే పడింది. దూరప్రయాణం చేసే ప్రతివారికీ దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను.

కూలెంట్ గురించి కూడా చెప్పాలి. మన వేడిలో రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే కుళాయి నీళ్లు పోయడం అలవాటైపోయింది. చల్లటి రాత్రులు సున్నా కిందికి జారే చోట ఆ నీరు గడ్డకట్టి ఇంజన్ బ్లాకునే పగలగొట్టగలదు. పైగా ముక్తినాథ్ ఉండే సుమారు 3,700 మీటర్ల ఎత్తులో మామూలు నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, అక్కడ రేడియేటర్ మూతలోని స్ప్రింగు, రబ్బరు సరిగా పనిచేయడం చాలా ముఖ్యం. సగం కూలెంట్, సగం శుద్ధ జలం కలిపి నింపించి, మూత, హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు, ఇంటర్‌కూలర్ గొట్టాలు అన్నీ ఒకేసారి మార్పించాను. పనిచేస్తున్న పాత బెల్టును, పైపులను పారేయకుండా అత్యవసరానికి వెంట ఉంచుకున్నాను. ముక్తినాథ్‌లోనూ ఉష్ణోగ్రత ముల్లు తన చోటు నుంచి కదలలేదు.

బరువు విషయంలో నాది కాస్త పట్టుదల. రెండు వరుసల సీట్లుండే డబుల్ క్యాబ్ పికప్‌లో వెనుక ఇరుసు తర్వాత తొట్టి చాలా బయటికి పొడుచుకు వస్తుంది. ఆ చివర నీళ్ల డబ్బాలు, స్టెప్నీలు, డీజిల్ డబ్బాలు పెడితే, గతుకుల్లో ఆ బరువంతా ఛాసిస్‌ను క్యాబిన్ వెనుక వంచుతుంది. విదేశాల్లో ఇలాంటి బళ్ల ఛాసిస్‌లు అక్కడే విరిగిన సందర్భాలు తక్కువేమీ కాదు. అందుకే కప్పు గుడారం పెట్టలేదు; దారి పొడవునా మంచి బస దొరికే దేశాలకు అంత బరువు మోయడంలో అర్థం కనబడలేదు. బరువైన వస్తువులన్నీ ఇరుసుకు ముందుగా, తొట్టి అడుగున కట్టాను. కమాన్ కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించిన మాట నిజమే. ఇప్పుడు ఖాళీగా మద్దిలపాలెం రోడ్ల మీద తిరిగేటప్పుడు వెనుక సీటులో కూర్చున్నవారికి అది కుదుపుగానే ఉంటుంది. నిత్యం ఖాళీగా నడిపేవారికి ఆ పట్టీ వద్దు.

తొట్టి మీది ఫైబర్ మూత వర్షాన్ని బాగానే ఆపింది, దుమ్మును ఆపలేదు. మధ్యాహ్నమయ్యేసరికి ముక్తినాథ్ దారిలోని కాళీగండకి లోయలో వీచే గాలికి రేగే దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. వెనుక తలుపు కింది సందులోంచి లోపలికి చేరి, బియ్యం సంచి కుట్ల మీద కూడా బూడిద రంగు గీతలు కట్టింది. ఆ సందుకు రబ్బరు పట్టీ అంటించి, మూత ముందు భాగంలో గాలి లోపలికి వచ్చే చిన్న దారి పెట్టించాక, లోపలి పీడనమే దుమ్మును బయటికి నెట్టడం మొదలైంది. వెళ్లేముందే ఈ పని చేయించుకోవడం మేలు.

టైర్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: పక్క గోడ మీద ఉండే నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. గీతలు ఎంత లోతుగా కనబడినా, ఎండకు పగుళ్లిచ్చిన పాత టైరును కొండదారికి తీసుకెళ్లవద్దు.

కాగితాల పనికి బండి పనికి పట్టినంత సమయమే కేటాయించాలి. పికప్‌లలో చాలావరకు పసుపు బోర్డు సరుకు రవాణా బళ్లే. నాది తెల్ల బోర్డు సొంత వాహనం కావడం వల్ల సరిహద్దులో చర్చ అంతగా జరగలేదు. బీమా పాలసీ సాధారణంగా మన దేశం లోపలి వరకే పనిచేస్తుంది. అదనపు ప్రీమియం కట్టి నేపాల్, భూటాన్‌లకు విస్తరింపజేసే ఐఎంటీ-1 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) ఉంది. బయలుదేరే ముందే దాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. సిలిగురి దాటి పానీటంకి దగ్గర మేచీ వంతెన మీదుగా నేపాల్ వైపున్న కాకర్‌భిట్ట చేరాక, అక్కడి కస్టమ్స్‌లో రోజుల లెక్కన రుసుము కట్టి భన్సార్ అనే వాహన అనుమతి తీసుకోవాలి. కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోయే ప్రాంతం కాబట్టి, అనుకున్నదానికన్నా కొన్ని రోజులు ఎక్కువే రాయించుకోవడం మంచిది. భూటాన్‌కు ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి; మనిషికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున సుస్థిరాభివృద్ధి రుసుము కూడా ఉంటుంది. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్‌కు మనవాళ్లు ఎంతోమంది వెళ్తుంటారు కాబట్టి, సొంత బండితో వెళ్లదలచిన పెద్దలు ఈ గుర్తింపు పత్రాల సంగతి ముందుగా చూసుకోవాలని నా విన్నపం.

తిరిగి వచ్చిన తర్వాత వాడకంలో బయటపడినవి కొద్దిగానే ఉన్నాయి. వెనుక షాకిల్ బుష్‌లు వదులై, స్పీడ్ బ్రేకర్ల మీద కిర్రుమంటున్నాయి. ముందు కింది బాల్ జాయింట్లలో ఒకదానికి మార్పు తప్పదు. వెనుక తలుపు రబ్బరు పట్టీ ఎండకు గట్టిపడింది. ఇంజన్, గేర్‌బాక్స్ జోలికి పోవాల్సిన అవసరం రాలేదు. మైనపు నూనె పూత ఏడాదికోసారి, వర్షాలు వెలిసిన తర్వాత మళ్లీ వేయించాల్సిందే. తీరప్రాంతంలో తిరిగిన ఇలాంటి పికప్‌ను ఇదే పనికి కొనదలచినవారు, ఇంజన్ చప్పుడు వినే ముందు వెనుక కమాన్ బ్రాకెట్లను, వాటి చుట్టూ ఉన్న ఛాసిస్‌ను చూపించమని అడగాలి. అక్కడ కొత్తగా నల్ల పూత కనబడితే, అది గీకి చూడనిచ్చేదాకా ధర మాట్లాడవద్దు.