డిగ్రీ లేని ఎంబీయే: పట్టా అందిన పదకొండేళ్లకు

నా చదువుల వరుస చెబితే చాలామంది ఒకసారి ఆగి మళ్లీ అడుగుతారు. పదో తరగతి, ఆ తర్వాత ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా, ఆ తర్వాత ఏకంగా ఎంబీయే. మధ్యలో ఉండాల్సిన డిగ్రీ లేదు. దుబాయిలో ఉద్యోగం చేసుకుంటూ 2010లో ఎడింబరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయపు దూరవిద్య ఎంబీయేలో చేరి, 2014లో పూర్తి చేశాను. ఈ దారి గురించి అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. పదకొండేళ్లు వాడి చూశాను కనుక ఆ పట్టా ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ చెల్లలేదో ఒకచోట రాసి పెడుతున్నాను.

డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరే వీలు మాకు ఉండేది. మంచి ర్యాంకు కూడా వచ్చింది కానీ ఇంట్లో అప్పు, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు ముందుండడంతో విశాఖపట్నంలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనికి కుదిరాను. అక్కడి నుంచి 2003లో దుబాయిలోని జెబెల్ అలీ వెళ్లి, స్టోర్స్‌లో మొదలుపెట్టి కొనుగోళ్ల విభాగానికి మారాను. ఆరేళ్లు తిరిగేసరికి నా కింద నలుగురు పట్టభద్రులు పనిచేస్తున్నారు, అయినా ప్రతి పదోన్నతి సమయంలోనూ నా దరఖాస్తు చదువు గడి దగ్గరే ఆగిపోయేది.

2009 వేసవి సెలవుకు వచ్చినప్పుడు హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ గడప తొక్కాను. డిగ్రీ అక్కర్లేకుండా నేరుగా పీజీ ఇప్పిస్తామని, వయసూ అనుభవమూ చాలని, సగం డబ్బు ఇప్పుడూ సగం పట్టా వచ్చాకా ఇమ్మని అక్కడి పెద్దమనిషి టీ తెప్పించి మరీ చెప్పాడు. సంతకం పెట్టేవాడినే. అదే ఏడాది సుప్రీంకోర్టు అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో, మూడేళ్ల డిగ్రీ లేకుండా సార్వత్రిక (ఓపెన్) పద్ధతిలో పొందిన పీజీ, విశ్వవిద్యాలయాల ప్రమాణాలు చూసే యూజీసీ 1985 నిబంధనల ముందు నిలవదని తీర్పు చెప్పిన సంగతి మా మేనమామ కొడుకు చెప్పబట్టి తప్పించుకున్నాను. మన దేశంలో ఈ విషయంలో దాపరికమేమీ లేదు. ఎంబీయే ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయాలన్నా, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కళాశాలలో ఎంబీయే సీటు కావాలన్నా కనీసం మూడేళ్ల డిగ్రీ ఉండి తీరాలి. చార్టర్డ్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ వంటి వృత్తి కోర్సులు పూర్తిచేసినవారిని మాత్రం డిగ్రీ లేకపోయినా ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాయనిస్తారు. డిప్లొమా వాడికి ఆ సందు కూడా లేదు.

బ్రిటన్‌లో లెక్క వేరు. ఎవరిని చేర్చుకోవాలన్నది అక్కడ చాలావరకు విశ్వవిద్యాలయం ఇష్టం, డిగ్రీ లేనివారి పని అనుభవాన్ని తూచి చేర్చుకునే ఎంబీయేలు అక్కడ చాలాకాలంగా ఉన్నాయి. నేను చేరిన చోట ఇంకో పద్ధతి కూడా ఉండేది. మొత్తం తొమ్మిది కోర్సుల్లో ఏడు తప్పనిసరి, రెండు ఎంపిక చేసుకునేవి. డిగ్రీ లేనివారు తప్పనిసరి కోర్సుల్లో కొన్ని ముందుగా నెగ్గి చూపిస్తే, అప్పుడు ఎంబీయే విద్యార్థిగా నమోదు చేసుకునేవారు. నా విషయంలో అవి మూడు. నువ్వేం చదివావని అడగకుండా, ఇది చదివి రాసి చూపించు అన్న ఆ పద్ధతి నాకు ఎంతగా నచ్చిందంటే, ఇప్పటికీ ఈ దారి మీద నాకున్న గౌరవంలో సగం దానిదే.

అంతమాత్రాన సులువనుకోకండి. అప్పట్లో అసైన్‌మెంట్లు రాసి మార్కులు పోగేసుకునే వీలు ఉండేది కాదు, పుస్తకం చూడనివ్వని మూడు గంటల పరీక్షే సర్వస్వం. నలుగురం పంచుకునే గదిలో పై బెర్తు నాది. మిగతా ముగ్గురూ పడుకున్నాక తలగడ పక్కన చిన్న లైటు పెట్టుకుని, కాలిక్యులేటర్ మీటల చప్పుడు వినపడకుండా తువ్వాలు చుట్టి లెక్కలు చేసేవాడిని. అకౌంటింగ్, మార్కెటింగ్, ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ మొదటి దెబ్బకే గట్టెక్కాయి. ఫైనాన్స్ తప్పాను. ఒక్కో పరీక్షకు రెండే అవకాశాలు కావడంతో రెండోసారికి ముందున్న ఆరు నెలలు నా జీవితంలో అన్నిటికంటే పొడవైనవి. డిగ్రీ చదవని లోటు నాకు తెలిసింది అక్కడే. ఇంటర్ లెక్కలు, డిగ్రీలో చెప్పే సంభావ్యత, గణాంకాలు వచ్చినవాడు రెండు రోజుల్లో దాటే అధ్యాయానికి నాకు మూడు వారాలు పట్టింది. ఫీజు కోర్సు కోర్సుకీ విడిగా కట్టే పద్ధతి కావడం వల్ల అప్పు చేయలేదు, కాకపోతే ఒక్కో కోర్సుకు ఇంచుమించు నెల జీతం పోయేది.

ఇక చదివింది పనికి వచ్చిందా అంటే, పట్టా కంటే ముందే వచ్చింది. ఒక ఉదాహరణ చెబుతాను. మాకు ఉక్కు పైపులు సరఫరా చేసే ఆసామి ప్రతి బిల్లు మీదా పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదంటే 60 రోజుల గడువు అని రాసేవాడు. గడువు దొరికినప్పుడు డబ్బు ముందే ఎందుకివ్వాలని మా అకౌంట్స్ వాళ్లు ఏళ్ల తరబడి అరవయ్యో రోజునే కట్టేవారు, నేనూ అదే తెలివనుకునేవాడిని. ఫైనాన్స్ పుస్తకం చదువుతున్న రోజుల్లో ఒక రాత్రి ఆ బిల్లు గుర్తొచ్చి లెక్క వేశాను. 98 దిర్హాములు కట్టాల్సిన చోట మరో 50 రోజులు ఆగినందుకు 2 దిర్హాములు ఎక్కువ ఇస్తున్నాం, అంటే ఏడాదికి దాదాపు 15 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకుంటున్నట్టే. కంపెనీకి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ 8 శాతానికే దొరుకుతోంది. మర్నాడు ఒక కాగితం మీద రాసి మేనేజరు బల్లమీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, ‘ఇది ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?’ అన్నారు. ఆ తర్వాతి ఏడాది నాకు వచ్చిన పదోన్నతికి కారణం ఆ కాగితమే తప్ప పట్టా కాదు, ఎందుకంటే అప్పటికి ఇంకా నాలుగు పరీక్షలు మిగిలే ఉన్నాయి.

పట్టా వచ్చాక గల్ఫ్‌లో దాని నడక మొదట బాగానే సాగింది. లండన్‌లో ధ్రువీకరణ, అక్కడి యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, యూఏఈ విదేశాంగ శాఖ ముద్ర అన్నీ వేయించుకుని, వీసా పనులు చూసే మా కంపెనీ పీఆర్వో చేతికిచ్చాను, వీసా మీద నా హోదా మారింది. ప్రైవేటు కంపెనీకి అంతకుమించి అక్కర్లేదు. రెండేళ్ల తర్వాత ఒక ప్రభుత్వ రంగ సంస్థలో మంచి కొలువుకు ఎంపికై, చదువుకు సమానత్వ పత్రం (నా పట్టా అక్కడి ఏ చదువుకు సమానమో చెప్పే కాగితం) తెమ్మన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ పత్రం ఇచ్చే కార్యాలయంలో కౌంటర్లోని వ్యక్తి ఎంబీయే పట్టాను పక్కన పెట్టి, దాని ముందున్న డిగ్రీ ఇవ్వమన్నాడు. డిప్లొమా ఇచ్చాను. అతను దాన్ని తిప్పి చూసి, మర్యాదగానే వెనక్కి ఇచ్చేశాడు. ఆ ఉద్యోగం రాలేదు.

2021లో హైదరాబాదు తిరిగి వచ్చాక ఇదే కథ ఇంకో రూపంలో ఎదురైంది. ఒక పెద్ద కంపెనీలో మూడు ఇంటర్వ్యూలూ అయ్యాయి, జీతం కూడా మాట్లాడుకున్నాం. చివరగా సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసే చోట పది, ఇంటర్ లేదా డిప్లొమా, డిగ్రీ, పీజీ అని నాలుగు గడులు ఉన్నాయి, మూడోది నింపకుండా నాలుగోది తెరుచుకోదు. హెచ్‌ఆర్ అమ్మాయికి ఫోన్ చేస్తే, ‘డిగ్రీ లేకుండా పీజీ ఎలా చేశారండీ, ఏదైనా పొరపాటేమో చూడండి’ అంది. ఆమె తప్పేమీ లేదు, అలాంటి వరుసను ఆమె చూసి ఉండదు. వారం రోజులు మెయిళ్లు నడిచాక, కన్సల్టెంటు పేరుతో ఏడాదికోసారి పొడిగించే ఒప్పందం మీద తీసుకున్నారు. పని అదే, జీతమూ దాదాపు అంతే. పీఎఫ్ లేదు, హోదా లేదు.

అమెరికా వైపు చూసేవారికి ఒక మాట. హెచ్‌1బీ వీసాకు డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత కావాలి. తక్కువైన ఒక్కో ఏడాది కళాశాల చదువుకు మూడేళ్ల సంబంధిత అనుభవాన్ని లెక్కగట్టే వెసులుబాటు వారి నిబంధనల్లో ఉంది కాబట్టి, అనుభవం దండిగా ఉన్నవారికి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. కానీ అక్కడ కూడా తూకం వేసేది ఆ లేని డిగ్రీనే. పైన ఎంబీయే ఉంది కదా, కింద డిగ్రీ ఉన్నట్టే అనుకుందాం అనే అధికారి నాకు ఇప్పటిదాకా ఏ దేశంలోనూ తగల్లేదు.

ఈ మధ్య మన ఊళ్లలో ఇదే సరుకును లెవెల్ 7 డిప్లొమా, ఆపైన టాప్-అప్ ఎంబీయే అని అమ్ముతున్నారు. బ్రిటన్ లెక్కలో పీజీకి 180 క్రెడిట్లు. 120 క్రెడిట్లు డిప్లొమా రూపంలో ఒకచోట చేసి, మిగతా 60 విశ్వవిద్యాలయంలో పూర్తిచేయడమన్నది అక్కడ సక్రమమైన పద్ధతే. చిక్కల్లా దాన్ని ఇక్కడ అమ్మేవారు చెప్పే మాటలతోనే. ‘లెవెల్ 7 అంటే మాస్టర్స్, అందులోనే డిగ్రీ కలిసిపోయింది’ అని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. ఆ లెవెళ్ల లెక్కలో డిగ్రీది లెవెల్ 6, అది చదవకుండా దానిమీది మెట్టు ఎక్కితే కింది మెట్టు మీ పేరున జమకాదు. పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరు ఉంటుందో, పరీక్ష ఎక్కడ ఎవరు పెడతారో, మీరు ఉద్యోగం చేయబోయే దేశంలో సమానత్వం ఇచ్చే కార్యాలయం ఏ కాగితాలు అడుగుతుందో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. మూడోది నేను అడగలేదు.

ఇదంతా అయ్యాక నా తూకం ఇది. పదేళ్లకు పైగా అనుభవం ఉండి, గల్ఫ్‌లోనో బ్రిటన్‌లోనో ప్రైవేటు రంగంలోనే స్థిరపడదలచినవారు, ముఖ్యంగా సొంత వ్యాపారం పెట్టుకునేవారు ఈ దారిన నిశ్చింతగా వెళ్లవచ్చు. ఆ చదువు గట్టిది, పెట్టిన డబ్బుకు విలువ ఉంది. ఇండియాకు తిరిగి రావాలని, ప్రభుత్వ కొలువో పీహెచ్‌డీనో అధ్యాపక వృత్తో మనసులో ఏ మూలనైనా ఉన్నవారు మాత్రం ముందు డిగ్రీ చేయండి. 1982లోనే హైదరాబాదులో దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టుకున్నాం మనం. ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చేసే వీలు ఎదురుగా ఉంటే, మూడేళ్లు ఎవరు ఆగుతారని నేను ముప్పై ఏళ్ల వయసులో అనుకున్నాను. ఆ తర్వాత ఆ డిగ్రీ లేక పోగొట్టుకున్న కాలం మూడేళ్లకంటే ఎక్కువే.

అదే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో నేనిప్పుడు బీకాం చదువుతున్నాను. వెనక వచ్చిన డిగ్రీ ముందున్న ఎంబీయేకు పునాది కాలేదని నాకు తెలుసు, వరుస తప్పింది తప్పిందే. కానీ దీని మీద కొత్తగా పీజీ అయినా, లాసెట్ రాసి న్యాయశాస్త్రమైనా మొదలుపెట్టుకోవచ్చు. ఆదివారం తరగతికి వెళితే నా పక్కన కూర్చునేది కిరాణా కొట్లో పనిచేసే ఇరవై ఏళ్ల కుర్రాడు. మొన్న నగదు తగ్గింపు మీద లెక్క చెబుతున్నప్పుడు నేను మాస్టారికంటే ముందే జవాబు రాసేయడం చూసి, ‘అంకుల్, ఇంతకుముందు ఎక్కడైనా చదివారా?’ అని అడిగాడు. చదివాను బాబూ, పై క్లాసు ముందు అయిపోయిందని చెప్పాను. నవ్వాలో వద్దో తెలియక నా పుస్తకంలోంచి జవాబు ఎక్కించుకున్నాడు.